చీరల ఆన్‌లైన్ వ్యాపారానికి ఫ్రీలాన్సర్లు, వర్చువల్ అసిస్టెంట్: ఫైవర్, అప్‌వర్క్, ఇంటర్న్‌శాలలో దేనికి ఏది?

నమస్తే అండీ. మంగళగిరి, పోచంపల్లి, వెంకటగిరి నుంచి చీరలు తెచ్చి ఇన్‌స్టాగ్రామ్‌లో, వాట్సాప్‌లో అమ్మేవాళ్ల కోసం ఈ వీడియో. ఫోటో తీయాలి, కేటలాగ్‌లో పెట్టాలి, "రేటెంత అక్కా" అన్న ప్రతి మెసేజ్‌కీ జవాబివ్వాలి, పార్సిల్ ట్రాకింగ్ నంబర్ పంపాలి. ఒక్కరే చేయలేక, ఆన్‌లైన్‌లో ఎవరినైనా పెట్టుకుందామనుకుంటారు. అక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది. "అన్నీ చేసే మనిషి కావాలి" అని ప్రకటన ఇచ్చేస్తారు. ఫోటో ఎడిటింగ్ బాగా వచ్చిన మనిషికి తెలుగులో కస్టమర్‌తో మాట్లాడటం రాకపోవచ్చు. మాట్లాడటం వచ్చిన అమ్మాయికి షాపిఫై, అంటే ఆన్‌లైన్ షాపు సైట్ నడిపే టూల్, తెలియకపోవచ్చు. అందుకే ఒక్కసారి చేస్తే అయిపోయే పనిని ఫ్రీలాన్సర్‌కి, రోజూ ఉండే పనిని అసిస్టెంట్‌కి ఇవ్వండి. ఈ రెండు రకాల మనుషుల్నీ ఒకేచోట వెతకాల్సిన పని లేదు.

ముందు ఫైవర్ చూద్దాం. 2010లో ఇజ్రాయెల్‌లో మొదలైన సైట్ ఇది. పని చేసేవాళ్లే ప్యాకేజీ, ధర, గడువు పెట్టి ఉంచుతారు, మనం ఎంచుకుని కొంటాం. అమ్మేవాళ్ల దగ్గర ఫైవర్ 20 శాతం తీసుకుంటుంది. మన దగ్గర బిల్లు మీద 5.5 శాతం, చిన్న ఆర్డరైతే ఇంకొంత కలుపుతుంది. దానికి తోడు కార్డు వాళ్ల ఫారెక్స్ మార్కప్, అంటే డాలర్లలో కట్టినందుకు వేసే అదనపు చార్జీ, ఉంటుంది. పైన కనిపించే రేటు చూసి లెక్క వేయకండి, చివరి పేమెంట్ స్క్రీన్ చూసి వేయండి. మీ కార్డుకి ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసి ఉందో లేదో కూడా ముందే చూసుకోండి.

చీరల ఫోటోల ఎడిటింగ్‌కి మాత్రం ఫైవర్ చాలా బాగా పనికొస్తుంది, జాగ్రత్తగా చెబితేనే. బ్యాక్‌గ్రౌండ్ తీసేసే టూల్ కొంగు కుచ్చుల్ని కత్తిరించేస్తుంది. వెలుతురు పెంచితే జరీ తెల్లగా కాలిపోయినట్టు కనిపిస్తుంది. ఏఐతో రీటచ్ చేస్తే బుటా ఆకారమే మారిపోతుంది. అప్పుడు ఫోటోలో ఉన్న చీర మీ దగ్గర లేని చీర అవుతుంది, పార్సిల్ వెనక్కి వస్తుంది. అందుకని ప్రతి షూట్‌లోనూ, చీర పక్కన గ్రే కార్డ్, అంటే రంగులు సరిచూసుకోవడానికి వాడే బూడిద రంగు అట్ట, పెట్టి, అదే వెలుతురులో ఒక ఫోటో తీయండి. గ్రే కార్డ్ లేకపోతే మెరుపు లేని తెల్ల కాగితం చాలు. "దీన్ని బట్టి వైట్ బ్యాలెన్స్ సరిచేయండి, విడిగా ఏ రంగూ ముట్టుకోవద్దు, ఏఐ వాడొద్దు" అని ఆర్డర్‌లో రాయండి. ఫైళ్లు మామూలుగా వాట్సాప్‌లో పంపితే క్వాలిటీ తగ్గుతుంది, డ్రైవ్‌లో ఇవ్వండి. తిరిగి వచ్చే ఫోటో ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల సెట్టింగ్‌లో, జేపెగ్‌గా, ఇన్‌స్టాగ్రామ్ కోసం 1080 బై 1350 సైజులో కావాలని చెప్పండి.

మొదటి ఆర్డర్ 5 చీరలకు మించి ఇవ్వకండి. అందులో ముదురు మెరూన్ ఒకటి, క్రీమ్ రంగు ఒకటి, పెద్ద జరీ అంచు ఒకటి తప్పకుండా ఉండాలి. కష్టమైనవి అవే. వచ్చిన ఫోటోల్ని రెండు వేర్వేరు ఫోన్లలో, చీర ఎదురుగా పెట్టుకుని, పగటి వెలుతురులో చూడండి. డెలివరీ అయ్యాక 3 రోజులు మీరు పలకకపోతే ఆర్డర్ దానంతటదే పూర్తయినట్టు లెక్క. పండగ సీజన్ హడావిడిలో చూసుకోకుండా వదిలేసి, తర్వాత మార్పులు అడిగితే మీ మాటకు బలం ఉండదు.

అప్‌వర్క్ సంగతి వేరు. ఈలాన్స్, ఓడెస్క్ కలిసిపోయి, 2015లో ఈ పేరు పెట్టుకున్నాయి. ఇక్కడ మనం పని పోస్ట్ చేస్తే వాళ్లు ప్రపోజల్స్ పంపుతారు. షాపిఫై సైట్ సరిచేయడం, యాడ్స్ నడపడం లాంటి నైపుణ్యం ఉన్న పనులకు మంచిది. ఐదారు వందల రూపాయల పనికి ఇక్కడికి రాకండి, ఫీజులకూ సమయానికీ గిట్టదు. ప్రపోజల్స్ చాలావరకు ఒకే మూసలో వస్తాయి. వడగట్టడానికి ఒక్క ప్రశ్న చాలు: "మా పేజీలో పై నుంచి మూడో పోస్టులో చీర ధర ఎంత రాశాం?" జవాబు రాయని ప్రపోజల్‌ని పక్కన పెట్టేయండి.

గంటల లెక్కన ఇస్తే, పని చేసేటప్పుడు ప్రతి 10 నిమిషాలకూ వాళ్ల స్క్రీన్‌షాట్ ఒకటి వర్క్ డైరీలో, అంటే మీరు చూడగలిగే పని రికార్డులో, పడుతుంది. వారానికి ఎన్ని గంటలో మీరే పరిమితి పెట్టండి, మొదట్లో 5 చాలు. మాన్యువల్ టైమ్‌కి, అంటే వాళ్లంతట వాళ్లు చేత్తో గంటలు కలుపుకోవడానికి, అనుమతి తీసేయండి. వాళ్ల వారం మన టైమ్ ప్రకారం సోమవారం తెల్లవారుజామున 5:30కి ముగుస్తుంది, అభ్యంతరం ఉంటే శుక్రవారం లోపు చెప్పాలి. ఫిక్స్‌డ్ ప్రైస్, అంటే మొత్తం పనికి ఒకే ధర అయితే, పని అప్పజెప్పాక సైట్ 14 రోజులు చూస్తుంది, మీరు ఏమీ అనకపోతే డబ్బు వెళ్లిపోతుంది. "బయట యూపీఐలో వేయండి, ఫీజు మిగులుతుంది" అనే వాళ్లకు ఒప్పుకోకండి. పరిచయమైనప్పటి నుంచి 24 నెలలు సైట్ ద్వారానే చెల్లించాలన్నది నిబంధన. పైగా బయట వేసిన డబ్బుకి సైట్ పూచీ పడదు.

ఇక రోజూ మెసేజ్‌లు చూసే అసిస్టెంట్. దీనికి నేను ఇంటర్న్‌షిప్‌ల సైట్ అయిన ఇంటర్న్‌శాల వైపే మొగ్గుతాను, ఎందుకంటే తెలుగు వచ్చిన విద్యార్థులు, కొత్తగా చదువు పూర్తి చేసినవాళ్లు అక్కడ దొరుకుతారు. డబ్బులు ఇవ్వకుండా పని చేయించుకునే ఆలోచన ఉంటే మాత్రం వద్దు, అది అన్యాయం. మొదటి టెస్ట్‌కీ డబ్బు ఇవ్వండి. టెస్ట్ ఇలా ఉండాలి: నిజంగా కస్టమర్లు పంపినలాంటి 10 మెసేజ్‌లు ఇవ్వండి. "అక్కా ఇది ఇంకా ఉందా", "బ్లౌజ్ అటాచ్డా", "సీఓడీ ఉందా అండీ", "రెండు తీసుకుంటే ఎంతకిస్తారు", "ఇది ప్యూర్ పట్టేనా". చివరి ప్రశ్న చాలా ముఖ్యం. ఆ చీర ప్యూర్ పట్టో కాదో ముందు చెప్పకుండా అడగండి. "అవునండీ ప్యూరే" అని రాసేశారంటే ఆ మనిషిని పెట్టుకోకండి. "కనుక్కుని చెప్తానండీ" అన్నవాళ్లే మీకు కావాలి. సెమిస్టర్ పరీక్షల తేదీలు ముందే అడిగి రాసుకోండి, లేకపోతే సరిగ్గా దసరా ముందు మనిషి ఉండరు.

పని అప్పగించేటప్పుడు ఒక పేజీ కాగితం ఇవ్వాలి. చీర ఐదున్నర మీటర్లు, బ్లౌజ్ 80 సెంటీమీటర్లు అయితే అలాగే రాయండి. ఎంతవరకు తగ్గించవచ్చు, రిఫండ్ ఎవరు ఒప్పుకోవాలి, డబ్బు రాకుండా చీరను ఎన్ని గంటలు పక్కన పెట్టవచ్చు, ఇవన్నీ అందులో ఉండాలి. చేనేతలో చాలా చీరలు ఒక్కటే పీస్ ఉంటాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో మీరు ఒకరికి, వాట్సాప్‌లో అసిస్టెంట్ ఇంకొకరికి అదే చీర అమ్మేస్తే ఎవరికి సమాధానం చెప్తారు? ప్రతి చీరకూ కోడ్ ఇచ్చి, గూగుల్ షీట్‌లో "హోల్డ్ చేసిన టైమ్" అని ఒక గడి పెట్టండి. డబ్బు వచ్చిందని రాసే గడి మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి. పేమెంట్ స్క్రీన్‌షాట్లు నకిలీవి వస్తాయి. యూపీఐ పేమెంట్‌కి వచ్చే 12 అంకెల యూటీఆర్ నంబర్‌ని మీ బ్యాంకు ఖాతాలో చూశాకే పార్సిల్ కదలాలి.

పాస్‌వర్డ్‌లు ఎవరికీ ఇవ్వకండి. ఇన్‌స్టాగ్రామ్‌కి మెటా బిజినెస్ సూట్ నుంచి, షాపిఫైకి స్టాఫ్ ఖాతా నుంచి, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌కి మేనేజర్ హోదాలో యాక్సెస్ ఇవ్వచ్చు. వాట్సాప్‌లో ఫోన్ కాకుండా 4 పరికరాల దాకా లింక్ అవుతాయి, కానీ లింక్ చేసిన వాళ్లకు మీ చాట్‌లన్నీ కనిపిస్తాయి, ఇంటివాళ్లవి కూడా. వ్యాపారానికి విడి నంబర్ తీసుకున్నాకే లింక్ చేయండి. కస్టమర్ల అడ్రస్‌లు ఏ రోజువి ఆ రోజుకే కనిపించేలా ఇవ్వండి, మొత్తం లిస్టు వద్దు.

లోగో చేయించుకునేవాళ్లు ఒక సంగతి గమనించాలి. డబ్బు కట్టినంత మాత్రాన లోగో మీది అయిపోదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. అందులో కాలం రాయకపోతే 5 ఏళ్లకే అని, ప్రాంతం రాయకపోతే ఇండియాకే అని చట్టం లెక్క వేస్తుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లకు చీరలు పంపేవాళ్లు "అన్ని దేశాలకూ, కాపీరైట్ ఉన్నంత కాలం" అని రాయించుకోండి. ఎడిట్ చేయడానికి వీలయ్యే ఒరిజినల్ ఫైల్ కూడా చేతికి వచ్చాకే చివరి వాయిదా వదలండి.

ప్రొప్రైటర్‌గా ఉండి, గత ఏడాది వ్యాపారం టర్నోవర్ 1 కోటి దాటితే టీడీఎస్ బాధ్యత, అంటే మీరు ఇచ్చే డబ్బులోంచి పన్ను కోసి ప్రభుత్వానికి కట్టే బాధ్యత, వస్తుంది. ఒకరికి ఇచ్చే ప్రొఫెషనల్ ఫీజు ఏడాదికి 50,000 దాటినప్పుడు 10 శాతం, కొన్ని కాంట్రాక్టు పనులకు ఇంకా తక్కువ. ఏది వర్తిస్తుందో మీ అకౌంటెంట్‌ని అడగండి. పాన్ నంబర్ మాత్రం మొదటి రోజే తీసుకోండి, అది లేకపోతే 20 శాతం కోయాలి.