ఎండెన్ క్రూయిజర్ రివ్యూ: మద్రాసును వణికించిన ఓడ బలమెంత, లోపమెక్కడ?

నమస్కారమండీ. మొదటి ప్రపంచ యుద్ధం రోజులు. 1914 సెప్టెంబర్ 22 రాత్రి మద్రాసు రేవు పక్కనున్న బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు భగ్గుమన్నాయి. పేల్చింది జర్మన్ లైట్ క్రూయిజర్ (వేగంగా తిరిగే తేలికపాటి యుద్ధనౌక) ఎండెన్. జనం మూటాముల్లె సర్దుకుని ఊరొదిలారు. హైకోర్టు గోడ మీద ఆ దాడి గుర్తుగా ఫలకం ఇప్పటికీ ఉంది. ఇంత హడలెత్తించిన ఓడ లోపల ఏముందో చూద్దాం.

పొడవు 118 మీటర్లు. 12 బొగ్గు బాయిలర్లు, 13,500 హార్స్‌పవర్, వేగం 23.5 నాట్లు, అంటే గంటకు సుమారు 43 కిలోమీటర్లు. దీని జంట ఓడ డ్రెస్డెన్‌కి టర్బైన్లు (ఆవిరి తాకిడికి చక్రంలా తిరిగే ఇంజన్లు) పెట్టారు, దీనికి మాత్రం పాత పిస్టన్ ఇంజన్లే. నా లెక్కలో అదే మేలైంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆనాటి టర్బైన్లు బొగ్గు విపరీతంగా తినేవి.

అసలు తిప్పలు బొగ్గుతోనే. బంకర్లు, అంటే బొగ్గు నిల్వ గదులు, పట్టేది 860 టన్నులు. భారత తీరం చుట్టుపక్కల జర్మనీకి రేవు లేదు, కాబట్టి పట్టుకున్న ఓడలు కూడా గోదాములే. నడిసముద్రంలో రెండు ఓడల్నీ పక్కపక్కన కట్టి, బొగ్గును మనుషులే మోసి నింపాలి. కెరటం లేస్తే రెండూ ఢీకొంటాయి. పైగా దొరికిన భారతీయ బొగ్గు నాసిరకం: పొగ దట్టంగా లేచి, దూరం నుంచే ఆచూకీ పట్టిస్తుంది. సెప్టెంబర్ చివర్లో బ్యురెస్క్ అనే ఓడ సుమారు 6,600 టన్నుల నాణ్యమైన వేల్స్ బొగ్గుతో చిక్కాక గానీ ఊపిరాడలేదు.

ఇక ఈ పొగగొట్టాలు చూడండి. అసలువి మూడే. నాలుగోది చెక్కచట్రం మీద కాన్వాస్ గుడ్డ! బ్రిటిష్ క్రూయిజర్‌లా కనిపించాలని కెప్టెన్ ఫాన్ ముల్లర్ వేసిన ఎత్తు. అక్టోబర్ 28న అదే వేషంలో పెనాంగ్ రేవులోకి వెళ్లి, రష్యన్ క్రూయిజర్ జెమ్చుగ్‌ను ముంచేశాడు.

లోపం ఫిరంగుల్లో ఉంది. 10.5 సెంటీమీటర్ల గొట్టం ఉన్నవి 10 ఉన్నా, ఒక వైపుకు పేలేవి ఐదే. నవంబర్ 9న కోకోస్ దీవుల దగ్గర ఎదురైన ఆస్ట్రేలియా ఓడ సిడ్నీకీ ఒక వైపుకు ఐదే. కానీ దాని గుండు 45 కిలోలు, దీనిది 17. ముందు గురి కుదిరింది ఎండెన్‌కే. ఒక గుండు సిడ్నీ రేంజ్‌ఫైండర్‌ను (దూరం కొలిచే పరికరాన్ని) తాకింది, పేలలేదు! తర్వాత వేగం ఎక్కువున్న సిడ్నీ తనకు అనువైన దూరం నుంచి బాదింది. స్టీరింగ్ పోయింది, పొగగొట్టాలు కూలాయి. చివరికి ముల్లర్ ఓడను నార్త్ కీలింగ్ దీవి పగడపు దిబ్బ మీదికి ఎక్కించాడు. మొత్తం మీద ఎండెన్‌లో 130 మందికి పైగా పోయారు.

పోరుకు ముందే కోకోస్‌లోని వైర్‌లెస్ స్టేషన్ ధ్వంసం చేయడానికి ఒడ్డుకు దిగిన ఎండెన్ సిబ్బంది సుమారు 50 మంది వెనక్కి ఎక్కే వ్యవధి లేక దీవిలోనే ఉండిపోయారు. పోరులో ఆ చేతులూ లేవు. వాళ్లు అక్కడున్న ఆయేషా అనే తెరచాప ఓడ ఎక్కి తప్పించుకున్నారు.