కూలి ఇచ్చి ఊదను నాటిస్తున్నామా?

(దృశ్యం: తిరుపతి దగ్గర, స్వర్ణముఖి ఒడ్డున నారుమడి. మాట్లాడే మనిషి చేతిలో రెండు మొక్కలు.)

నమస్తే అన్నా, నమస్తే అక్కా. ఈ రెండింట్లో ఒకటి వరి, ఒకటి ఊద, అంటే వరిలాగే కనపడే కలుపు గడ్డి. ఏది ఏదో చెప్పండి చూద్దాం.

తేల్చుకోలేకపోయారా? నారు పీకే వాళ్లకూ అంతే. గుప్పెడు గుప్పెడు పీకి కట్ట కట్టేస్తారు. ఆ కట్టలో దూరిన ఊదను మనమే కూలి ఇచ్చి, వరి పక్కన వరుసగా నాటిస్తాం. నాట్లు వేశాక చల్లే కలుపు మందు మొలకెత్తే గింజను ఆపుతుంది గానీ, నారుతో పాటు వచ్చి వేరు పట్టిన మొక్కను ఏం చేస్తుంది? అందుకే నారుమడిలో వదిలేసిన ఊద పొలంలో అంత మొండిగా ఉంటుంది.

(దగ్గరి దృశ్యం: ఆకు మొదలు.)

ఆకు కాండాన్ని పట్టుకున్న చోట చూడండి. వరికి అక్కడ పల్చటి తెల్లని పొర, నాలుక లాగా ఉంటుంది. పక్కన నూగుతో చిన్న చెవులు. ఊదకు నాలుకా లేదు, చెవులూ లేవు, బోసిగా ఉంటుంది. ఒక్కసారి పట్టుకున్నారంటే ఇక మర్చిపోరు. తుంగ అనే ఇంకో కలుపును గుర్తుపట్టడం ఇంకా సులువు, కాండం వేళ్ల మధ్య దొర్లిస్తే మూడు పలకలు తగులుతాయి.

(దృశ్యం: ట్రాక్టర్ అడుసు తొక్కుతోంది.)

అసలు పని నారు పోయక ముందే ఉంది. చెరువు నిండింది కదా అని ఒకే రోజులో అడుసు తొక్కి, సాయంత్రానికే నారు పోసేస్తాం. అలా వద్దు. పది పన్నెండు రోజుల ముందే మడికి తడి పెట్టి, మొలిచిన కసువును మళ్లీ దున్ని అడుసులో కలిపేయాలి. ఇలా రెండు మూడు సార్లు చేస్తే పైమట్టిలో ఉన్న గింజల్లో చాలావరకు మొలిచి చచ్చిపోతాయి. సరిగా మాగని పేడ వేశారంటే మాత్రం మళ్లీ గింజలు చల్లినట్టే. గెనిమల (మడి గట్ల) మీది గడ్డి వెన్ను వేయక ముందే కోసేయండి.

ఎకరాకు ఐదు సెంట్ల నారుమడి చాలు. మీటరు వెడల్పు మళ్లు చేసి మధ్యలో కాలువలు వదిలితే, నారు తొక్కకుండా కాలువలో నిలబడే కలుపు తీయొచ్చు.

(దృశ్యం: మందు డబ్బాలు.)

ఇక మందులు. ఇక్కడ నా బుద్ధితక్కువ పని ఒకటి చెప్పాలి. ఒక ఏడాది అంగట్లో అడిగితే ప్రెటిలాక్లోర్ అనే కలుపు మందు ఇచ్చారు. నేనూ డబ్బా చదవలేదు. మొలక విత్తనం చల్లిన మడికి సేఫ్‌నర్, అంటే మందు దెబ్బ వరి మొలకకు తగలకుండా కాపాడేది, కలిసిన ప్రెటిలాక్లోరే వాడాలి. నాకు వచ్చింది ఉత్తది. మడిలో సగం మొలకే రాలేదు, మళ్లీ విత్తనం కొనుక్కొచ్చాను. ఇంట్లో తిట్లు వేరే. కాబట్టి డబ్బా మీద 'సేఫ్‌నర్' అనే మాట చూడనిదే డబ్బు ఇవ్వొద్దు.

మొదట్లో ఏదీ వేయలేదా? టెన్షన్ పడొద్దు. ఊద ఒక్కటే ఉంటే, విత్తిన 14, 15 రోజులకు సైహలోఫాప్ బ్యుటైల్ 10 శాతం మందు లీటరు నీటికి 1.5 మిల్లీలీటర్లు. ఊదతో పాటు తుంగ, వెడల్పాకు కలుపు కూడా ఉంటే 15 నుంచి 20 రోజుల మధ్య బిస్‌పైరిబాక్ సోడియం 10 శాతం, లీటరుకు అర మిల్లీలీటరు. ఐదు సెంట్లకు పది లీటర్ల నీళ్లు సరిపోతాయి. అంటే బిస్‌పైరిబాక్ మొత్తం ఐదు మిల్లీలీటర్లే! ఇంకో మూత పోస్తే బాగా చస్తుందిలే అనుకుంటే నారే పసుపు రంగుకు తిరిగి కూర్చుంటుంది. కొట్టే ముందు నీళ్లు తీసేసి కలుపు ఆకులు బయటికి కనపడేలా చేయండి. ఒకటి రెండు రోజులాగి మళ్లీ పలచగా నీళ్లు పెట్టండి.

(దృశ్యం: నారు కట్టలు.)

మందు కొట్టినా అక్కడక్కడా ఊద మిగులుతుంది. నారు పీకే రోజు పొద్దున్నే, వాళ్లు మడిలో దిగక ముందు, ఒక ఊద మొక్క పట్టుకెళ్లి ఆ నాలుక సంగతి చూపించండి. పీకిన ఊదను కాలువలో మాత్రం పడేయకండి, తడి తగిలితే మళ్లీ వేరు పెడుతుంది. దూరంగా ఎండలో వేయండి.