2000 ఎంబీ స్పీడా, ఆరంభశూరత్వమా? కొత్త డెస్క్‌టాప్‌కి స్టోరేజ్ రివ్యూ

నమస్తే అండి. ముందే చెప్పేస్తున్నా, టేబుల్ మీదున్న ఈ ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ (తిరిగే డిస్క్ లేకుండా ఫ్లాష్ చిప్‌లలో డేటా దాచే డ్రైవ్) నేను కొనలేదు. కంపెనీవాళ్లే రివ్యూకి పంపారు. డబ్బులివ్వలేదు, వీడియో ముందుగా చూపించమనీ అడగలేదు. అడిగి ఉంటే ఈ వీడియో వచ్చేది కాదేమో!

స్పెక్స్ మీరు ఈపాటికి చూసే ఉంటారు. 2 టీబీ, సెకనుకు 2000 ఎంబీ, వగైరా. విండోస్‌లో 1.81 టీబీయే కనిపిస్తోందేంటని మాత్రం అడగకండి. కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్ 1024తో లెక్కేస్తుంది, అంతే.

కొత్త డెస్క్‌టాప్ అసెంబుల్ చేసుకున్నా కాబట్టి ముందు లోపలి సంగతి. విండోస్‌కి 1 టీబీ జెన్ 4 ఎన్‌వీఎంఈ, అంటే నాలుగో తరం వేగమైన ఎస్‌ఎస్‌డీ. దీని మీద పెద్ద చర్చ అనవసరం. పాత పీసీలో ఉన్న సాటా (పాత, నిదానమైన రకం కనెక్షన్) ఎస్‌ఎస్‌డీ సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగిపోయేది, ఇది 7000 అంటోంది. అయినా పీసీ ఆన్ అవడంలో తేడా భూతద్దం పెట్టి వెతుక్కోవాలి. హార్డ్ డిస్క్ నుంచి ఆ సాటాకి మారిన రోజు మాత్రం ఎగిరి గంతేశా. జెన్ 5 కోసం తాపత్రయపడొద్దు.

ఆ పాత సాటా డ్రైవ్ కూడా ఎం.2 రకమే, అంటే కేబుల్ లేకుండా నేరుగా మదర్‌బోర్డు స్లాట్‌లో గుచ్చేది. పారేయడమెందుకని రెండో స్లాట్‌లో పెట్టా. హార్డ్ డిస్క్ మాయం! సాయంత్రమంతా టెన్షన్ పడి, చివరికి మాన్యువల్ తెరిస్తే, ఆ స్లాట్ నింపితే ఒక సాటా పోర్ట్ పనిచేయదని రాసే ఉంది. కేబుల్ పక్క పోర్టుకి మార్చా, డిస్క్ ప్రత్యక్షం.

ఇక అసలు గొడవ. ఎడిటింగ్ అయిపోయిన వీడియోలు ఒక 600 జీబీ ఈ ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీలోకి కాపీ పెట్టా. మొదలే 1000 ఎంబీ. సగం ఎందుకు పోయిందంటే, 2000 రావాలంటే పీసీలో యూఎస్‌బీ 3.2 జెన్ 2 బై 2 పోర్ట్ ఉండాలి. నా బోర్డులో లేదు. సరే, ఆ తప్పు నాది. కానీ 200 జీబీ దాటిందో లేదో, స్పీడు 100కి పడిపోయింది. ఇక అక్కడే కూర్చుంది. మొత్తం కాపీకి గంటా పది నిమిషాలు! నా పాత హార్డ్ డిస్క్ సెకనుకు 150 చొప్పున అదే పని దాదాపు అంతే టైంలో చేసింది.

ఎందుకిలా? ఈ తీరు చూస్తే ఇది క్యూఎల్‌సీ డ్రైవే అనిపిస్తోంది, అంటే చిప్‌లోని ఒక్కో సెల్‌లో నాలుగు బిట్లు. అలా రాయడం నిదానమైన పని. అందుకని ముందు ఖాళీ చోట్లో ఒక్కో బిట్ చొప్పున చకచకా రాసేస్తుంది. ఇల్లు మారినప్పుడు సామానంతా వసారాలో పడేసి, తీరిగ్గా అటకెక్కించినట్టు. వసారా నిండిందా, ఇక ప్రతి పెట్టె నిచ్చెనెక్కి పెట్టాల్సిందే. పైగా డ్రైవ్ నిండేకొద్దీ ఆ వసారా కూడా చిన్నదవుతుంది. పెట్టె మీద మాత్రం 2000 అని ఇంత లావు అక్షరాలు! ఏ రకం ఫ్లాషో ఒక్క ముక్క లేదు. నాకు ఒళ్లు మండింది ఇక్కడే.

న్యాయంగా చెప్పాలంటే, చదవడంలో దీనికి వంక పెట్టలేం. చప్పుడు లేదు, జేబులో పడుతుంది. అప్పుడప్పుడూ పది ఇరవై జీబీ కాపీ చేసేవాళ్లకి ఈ గొడవేదీ తెలియను కూడా తెలియదు.

నాకైతే వద్దు. బ్యాకప్‌కి బయట హార్డ్ డిస్కే ఉంచుకుంటా. ఏళ్ల తరబడి కరెంటు లేకుండా బీరువాలో పడుండే డ్రైవ్‌గా ఎస్‌ఎస్‌డీని నమ్మను, ఫ్లాష్‌లో ఛార్జ్ మెల్లగా కారిపోతుంది. హార్డ్ డిస్క్ కొంటే సీఎంఆర్ రకమో (డేటా ట్రాకులు పక్కపక్కన విడిగా ఉండేది) కాదో చూసుకోండి. ట్రాకులు ఒకదాని మీదొకటి కొంచెం ఎక్కి ఉండే ఎస్‌ఎంఆర్‌ది కూడా ఎక్కువ డేటా రాసేటప్పుడు ఇదే నీరసం.

ఈ శాంపిల్ రేపు వెనక్కి పంపేస్తున్నా. రెండో స్లాట్‌లో ఆ పాత సాటా తీసేసి, ఎడిటింగ్ ఫైళ్లకి మంచి టీఎల్‌సీ (సెల్‌కి మూడు బిట్ల) డ్రైవ్ వేస్తా. ఈసారి మాన్యువల్ చదివాకే లెండి.