పదకొండింటికి సుప్రభాతం

అందరికీ నమస్కారం. మా అమ్మతో మొదలుపెడతాను, ఎందుకంటే నేను చెప్పబోయే ఇంటి పాటల సర్వర్‌కి అసలు యూజర్ ఆవిడే. కమాండ్లు టైపు చేసే టెర్మినల్‌ని ఆవిడ "ఆ నల్ల తెర" అంటుంది. మా ఇంట్లో పొద్దున లేచిన దగ్గర్నుంచి పాటలు వినేదీ ఆవిడే, పాట ఆగిపోతే నన్ను పిలిచేదీ ఆవిడే.

కొన్నేళ్ల కిందట అటక మీద ట్రంకు పెట్టెలో తాతగారి క్యాసెట్లు బయటపడ్డాయి. సినిమా పాటల సంగతి వదిలేయండి, అవి ఎక్కడైనా దొరుకుతాయి. కానీ మా ఊళ్లో చెప్పిన హరికథలు, ఎవరి పెళ్లిలోనో మోగిన సన్నాయి, మధ్యలో "ఆపరా, ఆపు" అంటున్న నాయనమ్మ గొంతు ఏ యాప్‌లో దొరుకుతాయి? నెలకి చందా డబ్బులు మిగులుతాయని నేను ఈ పని పెట్టుకోలేదు.

క్యాసెట్ ప్లేయర్ నుంచి ఒక వైరు తీసి యూఎస్‌బీ సౌండ్ కార్డుకి కలిపాను. కొనేటప్పుడు లైన్ ఇన్, అంటే ప్లేయర్ల నుంచి శబ్దం తీసుకునే రంధ్రం, ఉన్నదే చూసుకోండి. చవక కార్డుల్లో ఉండే మైకు రంధ్రం చాలాసార్లు మోనోనే, అంటే ఒకటే చానెల్. రికార్డు చేయడానికి ఏరికార్డ్ అనే కమాండ్ చాలు. సీడీ నాణ్యత కావాలంటే సెకనుకి 44,100 శాంపిళ్లు, అంటే శబ్దం కొలతలు, ఒక్కోటి 16 బిట్లు, అదీ ఎడమ, కుడి రెండు చానెళ్లకీ. 90 నిమిషాల క్యాసెట్‌లో ఒక వైపు 45 నిమిషాలు కదా, అది దాదాపు 475 ఎంబీ అవుతుంది. ఫ్లాక్ అనే ఫార్మాట్‌లోకి కుదిస్తే సుమారు సగానికి దిగుతుంది, నాణ్యత ఏమీ పోదు. ఇందులో షార్ట్‌కట్ మాత్రం లేదు. 90 నిమిషాల క్యాసెట్‌కి 90 నిమిషాలు కూర్చోవాల్సిందే. 80వ నిమిషంలో కరెంటు పోతే మీ అదృష్టం.

సర్వర్ పెట్టడం దీనితో పోలిస్తే పది నిమిషాల పని. రాస్‌ప్‌బెర్రీ పై అనే ఒక బుల్లి కంప్యూటర్, దానికి ఒక హార్డ్ డిస్క్. టెర్మినల్‌లో సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఎంపీడీ ఎంపీసీ అని కొడితే కావాల్సిన రెండు ప్రోగ్రాంలూ దిగుతాయి, అంతే. ఎంపీడీ అంటే మ్యూజిక్ ప్లేయర్ డెమన్, 2003 నుంచి ఉన్న ప్రోగ్రాం. అది వెనకాల కూర్చుని పాడుతూ ఉంటుంది. ఎంపీసీ దానికి మనం ఆజ్ఞలిచ్చే కమాండ్. సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైల్‌లో పాటల ఫోల్డర్ ఎక్కడుందో చెప్పాలి. పాట నెట్‌వర్క్ మీదుగా వెళ్లేలా ఆడియో అవుట్‌పుట్ రకం హెచ్‌టీటీపీడీ అని, పోర్టు 8000 అని, బిట్‌రేటు 128 అని రాయాలి. తర్వాత ఫోల్డర్ చూసి పాటల జాబితా రాసుకోమని ఎంపీసీ అప్‌డేట్, అన్నిటినీ వరుసలో పెట్టమని ఎంపీసీ యాడ్ స్లాష్, పాడమని ఎంపీసీ ప్లే. ఫోన్‌లో వీఎల్‌సీ ప్లేయర్ తెరిచి సర్వర్ అడ్రస్, ఆ పోర్టు నంబరు కొడితే పాట వచ్చేస్తుంది. గంటకి 57 ఎంబీ చిల్లర, అదీ ఇంటి వైఫైలోనే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఎంపీడీకి మామూలుగా పాటల వరుస ఒక్కటే. అంటే ఇది ఇంటి రేడియో లాంటిది, ఎంతమంది కలిసినా అందరూ అదే పాట వింటారు. మొదటి వారం నేను మేడ మీద కూర్చుని సరదాగా ఎంపీసీ నెక్స్ట్ కొట్టాను. కొన్ని సెకన్ల ఆలస్యం తర్వాత వంటింట్లోంచి కేక: "ఒరేయ్, నా పాట ఎవడ్రా మార్చింది?" ఎవరి పాట వాళ్లకి కావాలంటే నావిడ్రోమ్ అనే ఇంకో పాటల సర్వర్ పెట్టుకోండి, అది 4533 పోర్టులో నడుస్తుంది, ఫోన్లకి యాప్‌లు బోలెడున్నాయి. నేను మాత్రం రేడియోనే ఉంచాను. ఇల్లంతా ఒకే పాట వింటుంటే నాకు బాగుంటుంది.

అమ్మ అడిగిందని పొద్దున 5:30కి సుప్రభాతం వచ్చేలా చెప్పిన టైముకి పనులు నడిపే క్రాన్‌లో ఒక లైను రాశాను. మర్నాడు ఐదున్నరకి చప్పుడు లేదు. పదకొండింటికి, పప్పు తాలింపు వేస్తుండగా, స్వామిని మేల్కొలపడం మొదలైంది! రాస్‌ప్‌బెర్రీ పై గడియారం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంది. మన టైముకీ దానికీ తేడా సరిగ్గా ఐదున్నర గంటలు. టైమ్‌డేట్‌సీటీఎల్ అనే కమాండ్‌తో ఏషియా స్లాష్ కోల్‌కతా అని పెడితే సరిపోయింది. నా దగ్గరున్న పాత మోడల్లో గడియారానికి బ్యాటరీ ఉండదు, కాబట్టి కరెంటు పోయి వచ్చాక నెట్ లేకపోతే టైము మళ్లీ తప్పుతుంది.

కరెంటు పేరు చెప్తే ఇంకోటి గుర్తొచ్చింది. ఒకసారి కరెంటు వచ్చాక రాస్‌ప్‌బెర్రీ పై లేచింది గానీ హార్డ్ డిస్క్ మౌంట్ కాలేదు, అంటే దాని ఫోల్డర్‌కి తగులుకోలేదు. నేను చూసుకోకుండా ఎంపీసీ అప్‌డేట్ కొట్టాను. ఫోల్డర్ ఖాళీగా కనపడేసరికి ఎంపీడీ బుద్ధిగా డేటాబేస్‌లోంచి పాటలన్నీ తీసేసింది. ఆ కాసేపు పడ్డ టెన్షన్ చెప్పలేను. ఫైళ్లు డిస్క్‌లో భద్రంగానే ఉన్నాయి, మౌంట్ చేసి మళ్లీ అప్‌డేట్ కొడితే వచ్చేశాయి. ఆ తర్వాత ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో డిస్క్‌ని దాని సొంత గుర్తింపు సంఖ్య యూయూఐడీతో రాశాను, అది మౌంట్ అయితేగాని ఎంపీడీ మొదలవ్వకుండా, ప్రోగ్రాంలని మొదలుపెట్టే సిస్టమ్‌డీకి చెప్పాను.

అసలు కష్టం ఇవేవీ కావు, పేర్లు. నా దగ్గరున్న ఫైళ్లలో ఘంటసాల ఇంగ్లిష్ స్పెల్లింగు నాలుగు రకాలుగా ఉంది, అంటే ఎంపీడీ లెక్కలో నలుగురు ఘంటసాలలు. సగం పాటల పేర్ల చివర ఏదో వెబ్‌సైట్ పేరు వేలాడుతుంది. వీటిని కమాండ్లతో శుభ్రం చేయొచ్చు. కానీ ఆర్టిస్టు, ఆల్బం అన్న గళ్లలో తెలుగు సినిమా పాట ఇమడదు. ఆర్టిస్టు అంటే పాడినవాళ్లా, బాణీ కట్టినవాళ్లా? మా అమ్మ అడిగేది "ఆత్రేయ రాసినవి పెట్టు" అని. రాసినవారికి ఎంపీడీలో గడే లేదు! చివరికి సినిమా పేరు ఆల్బంలో, సంగీత దర్శకుణ్ణి కంపోజర్‌లో, కవిని కామెంట్‌లో పెట్టాను. కామెంట్‌ని ఎంపీడీ మామూలుగా చదవదు, కాన్ఫిగ్‌లో విడిగా చెప్పాలి. పేర్లన్నీ తెలుగు లిపిలోనే రాశాను. ఎంపీసీ సెర్చ్ కామెంట్ ఆత్రేయ అని కొడితే ఇప్పుడు వరుసగా వస్తాయి. ఈ పనికి నాకు ఒక వేసవి పట్టింది. పక్కన కూర్చుని "ఇది దాశరథి గారిదిరా" అని దిద్దింది అమ్మే.

రూటర్‌లో పోర్టు తెరిచి దీన్ని బయటి ప్రపంచానికి పెట్టకండి. ఎంపీడీ ప్రోటోకాల్ మామూలు టెక్స్ట్, తాళం లేని తలుపు లాంటిది. పైగా కొన్న పాటలు మన ఇంట్లో వినడం వేరు, ఊరంతటికీ ప్రసారం చేయడం వేరు. బయట ఉన్నప్పుడు నేను వైర్‌గార్డ్ అనే వీపీఎన్, అంటే తాళం వేసిన దారి మీదుగా ఇంటికి కలుస్తాను.

ఇప్పుడూ అలాగే కలుస్తున్నాను, తెర మీద చూడండి. నెట్‌క్యాట్ అనే కమాండ్‌తో నేరుగా ఎంపీడీ ఆజ్ఞలు వినే 6600 పోర్టుకి. ఓకే ఎంపీడీ అని పలికింది కదా? ఇప్పుడేం పాడుతోందో అడగడానికి కరెంట్‌సాంగ్ అని టైపు చేస్తున్నాను... తాతగారి క్యాసెట్లలో మూడోది, హరికథ. అమ్మ పెట్టుకుని ఉంటుంది. డెమో కోసం నెక్స్ట్ కొట్టమంటారేమో, కొట్టను. ప్రశ్నలుంటే అడగండి.