షరతు వాళ్లది, సంస్కరణ ఎవరిది?

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, విశాఖ పౌరులకు నమస్కారం.

షరతుల మీద అప్పిచ్చే అంతర్జాతీయ సంస్థలే, సంస్కరణలు అప్పు తీసుకునే దేశానికి సొంతం కాకపోతే నిలవవని చాలాకాలంగా చెబుతున్నాయి. 2002లో షరతుల మార్గదర్శకాలను తిరగరాసినప్పుడు అంతర్జాతీయ ద్రవ్యనిధి ఈ మాటకే పెద్దపీట వేసింది. దాని వెనుక 1997–98 ఆర్థిక సంక్షోభంలో తూర్పు ఆసియా నేర్పిన పాఠం ఉంది. 1998 జనవరిలో ఇండోనేషియా అధ్యక్షుడు సుహార్తో వంగి సంతకం పెడుతుంటే, ద్రవ్యనిధి అధిపతి మిషెల్ కామ్డెసూ చేతులు కట్టుకుని పక్కన నిలబడిన ఫొటో ప్రపంచమంతా చూసింది. అధ్యక్షుడి కుమారుడి చేతిలో ఉన్న లవంగాల గుత్తాధిపత్యం రద్దు కూడా ఆ షరతుల్లో ఒకటి. షరతు మంచిదే కావచ్చు, పెట్టిన తీరు మాత్రం ఇండోనేషియన్లకు అవమానంగానే మిగిలింది.

ద్రవ్యనిధి రుణంలో షరతుల పత్రం రుణగ్రహీత రాసిన లేఖ రూపంలోనే ఉంటుంది. ఆర్థికమంత్రి, కేంద్ర బ్యాంకు గవర్నరు 'మేము ఈ చర్యలు తీసుకోదలిచాము' అని సంతకం చేసి పంపుతారు. చిత్తుప్రతి చాలాసార్లు అవతలివాళ్ల బల్ల మీదే తయారవుతుందన్నది ఈ రంగంలో అందరికీ తెలిసిన రహస్యం. కనుక సంతకాన్ని చూసి సంస్కరణ ఎవరిదో తేల్చలేం. దాని మీద స్వదేశంలో వాదన జరిగిందా, ఆ వాదన వల్ల ఏమైనా మారిందా అన్నది చూడాలి.

1991లో రిజర్వు బ్యాంకు 47 టన్నుల బంగారాన్ని విదేశాల్లో కుదువపెట్టి, దేశం ద్రవ్యనిధి అప్పు కోసం వెళ్లిన రోజుల్లో, మన పీవీ నరసింహారావు గారి ప్రభుత్వం జూలై 24 బడ్జెట్‌లో ఎరువుల ధరలను 40 శాతం పెంచింది. సొంత పార్టీ సభ్యులే తిరగబడ్డారు. కొద్దిరోజుల్లోనే పెంపు 30 శాతానికి తగ్గింది, చిన్న, సన్నకారు రైతులకు మినహాయింపు వచ్చింది. దాన్ని వెనకడుగు అన్నవాళ్లున్నారు. నా దృష్టిలో ఆ సంస్కరణ మనదైంది ఆ బేరంలోనే.

ఇక మన రాష్ట్ర విద్యుత్ రంగం సంగతి. రాష్ట్ర విద్యుత్ బోర్డును విడదీయాలని 1995లోనే హితేన్ భయ్యా కమిటీ చెప్పింది, అంటే బీజం ఇంటిదే. 1998లో చట్టం వచ్చింది, 1999లో విద్యుత్ ఉత్పత్తికి జెన్‌కో, సరఫరాకు ట్రాన్స్‌కో ఏర్పడ్డాయి, ప్రపంచ బ్యాంకు రుణమూ వచ్చింది. నాటి ప్రభుత్వం ఈ సంస్కరణను మనస్ఫూర్తిగానే తనదనుకుంది, అందులో సందేహం లేదు. బిల్లు కట్టేవాడిని మాత్రం ఎవరూ అడగలేదు. 2000లో ఛార్జీలు పెరిగాయి, ఉద్యమం లేచింది, ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 2004లో కొత్త ప్రభుత్వపు తొలి సంతకం వ్యవసాయానికి ఉచిత విద్యుత్ మీదే పడింది.

అయినా ఆ సంస్కరణ మొత్తం కొట్టుకుపోలేదు. అదే చట్టంతో పుట్టిన విద్యుత్ నియంత్రణ మండలి నిలిచింది. ఛార్జీలు తేల్చే ముందు అది బహిరంగ విచారణ జరపాలి. మన విశాఖ కేంద్రంగా ఉన్న విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) ఈపీడీసీఎల్ ప్రతిపాదనల మీద రైతు సంఘాలవాళ్లు, చిన్న పరిశ్రమలవాళ్లు అభ్యంతరాలు రాసి దాఖలు చేస్తారు. డిస్కం వాటికి జవాబు చెప్పుకోవాలి. ఉచిత విద్యుత్ కావాలన్నవాళ్లే ఈ విచారణనూ వాడుకున్నారు. జనం ఒకదాన్ని తోసిపుచ్చి, ఒకదాన్ని ఉంచుకున్నారు. ఏది ఉండాలో రుణదాత జాబితా చూసి ఎంచుకున్నది కాదిది.

ఈ మాట ఇక్కడ చెప్పడానికి కారణముంది. విశాఖపట్నం–చెన్నై పారిశ్రామిక కారిడార్‌కు 2016లో ఆసియా అభివృద్ధి బ్యాంకు ఆమోదించిన 63.1 కోట్ల డాలర్లలో 12.5 కోట్లు విధానపరమైన రుణం, అంటే విధానాల మార్పుతో ముడిపడిన సొమ్ము. రోడ్లకు, నీటి పైపులకు వచ్చే డబ్బు గురించి అందరం అడుగుతాం, ఈ భాగాన్ని పట్టించుకోం. ఇటువంటి రుణం ఏది తీసుకున్నా, షరతుల పట్టికను సంతకానికి ముందే తెలుగులో శాసనసభ ముందు పెట్టి చర్చకు గడువివ్వాలని నేను కోరుతున్నాను. జాప్యమవుతుందని అధికారులు అంటారు. అవుతుంది. విద్యుత్ సంస్కరణలో 2000 నుంచి 2004 దాకా జరిగిన జాప్యం కంటే అది తక్కువే.