గాజులు చూస్తలేడు

(హన్మకొండలో ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు, అంగన్‌వాడీ టీచర్ల శిక్షణలో ఒక పిల్లల డాక్టర్ ప్రసంగం)

అక్కలకు, చెల్లెళ్లకు నమస్కారం.

మన దిక్కు స్పృహ అనరు, సోయి అంటారు. "సార్, పోరడు సోయిల లేడు" అంటూ ఎత్తుకొస్తారు. తలకు దెబ్బ తగిలిన పెద్దమనిషికి సోయి ఉందో లేదో తెలుసుకోవాలంటే పేరేంది, ఏ ఊరు, ఇయ్యాల ఏ వారం అని అడుగుతాం. పాలు తాగే బిడ్డను ఏమని అడుగుతాం?

1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెనెట్ అనే ఇద్దరు డాక్టర్లు దీనికో కొలత పెట్టారు. కళ్లకు 4, మాటకు 5, కాళ్లూచేతుల కదలికకు 6, మొత్తం 15. ఏ స్పందనా లేకపోయినా 3 వస్తుంది, సున్నా అనేది లేదు. 8కి దిగితే మాత్రం మా గుండె జారుతుంది, శ్వాసకు గొట్టం వేయాల్సి రావచ్చు.

చంటిపిల్లలకు మాట స్థానంలో ఏడుపు చూస్తాం. ఉంగా ఉంగా అంటే 5. చిరాగ్గా ఏడుస్తుంటే 4. నొప్పి పెడితేనే ఏడిస్తే 3, మూలిగితే 2, అసలు గొంతే లేవకుంటే 1. కదలికలోనూ అంతే. "చెయ్యెత్తు" అంటే వాడు ఎత్తడు కాబట్టి, తనంతట తాను మామూలుగా ఆడిస్తే 6 వేస్తాం. గట్టిగా ఏడ్చే పిల్లను చూసి టెన్షన్ పడతాం గానీ, నన్నడిగితే చప్పుడు చేయని పిల్లతోనే భయం.

ఓ రాత్రి మంచం మీద నుంచి పడ్డ తొమ్మిది నెలల బాబును తెచ్చారు. కళ్లు తెరిచే ఉన్నాడు, కాళ్లు ఆడిస్తున్నాడు, ఏడుపు లేదు. బుద్ధిమంతుడనుకుని 15 వేయబోయాను. వాళ్ల అమ్మమ్మ చెయ్యి ఊపి గాజులు గలగలలాడించింది. "రోజూ గుంజుతడు సార్, ఇయ్యాల చూస్తనే లేడు" అంది. స్కాన్‌లో రక్తం కనబడింది. నా తొందర నాకు ఇప్పటికీ గుర్తే.

ఆమె మాటకు లెక్క కూడా ఉంది. అమెరికాలో తలకు దెబ్బ తగిలిన 42 వేల మందికి పైగా పిల్లలను గమనించి 2009లో ప్రచురించిన పరిశోధన, రెండేళ్లలోపు వాళ్లలో చూడమన్న ఆరు సంగతుల్లో ఒకటి "బిడ్డ ఎప్పటిలా లేడు" అని కన్నవాళ్లు చెప్పడం. మూడడుగుల కంటే ఎత్తు నుంచి పడటం, నుదుటి మీద కాకుండా తలకు పక్కనో వెనకో బొప్పి కట్టడం కూడా అందులో ఉన్నాయి.

సోయి తప్పిన బిడ్డ నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. లేపడానికి ఊపకండి. వాపుతో కళ్లు మూసుకుపోతే కళ్లకు 1 వేయకండి, "వాపు" అని రాయండి.

108 ఎక్కించేటప్పుడు చీటీలో మొత్తం ఒక్కటే రాస్తే మాకు పనికిరాదు. కళ్లు, ఏడుపు, కదలిక వేర్వేరుగా రాసి పక్కన టైమ్ వేయండి. కింద "గాజులు చూస్తలేడట" అని మన భాషలోనే రాయండి, ఎవరూ నవ్వరు.

సరే, బొమ్మ తెచ్చాను. ముందు వరుస అక్కలు ఇద్దరు ఇటు రండి, నొప్పికి స్పందన చూడటానికి గోరు మీద ఎంత నొక్కాలో చూపిస్తా.