వాన. రాలేదు.

(ఒక డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్ర విద్యార్థుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకీ, ఎదురుగా కూర్చున్న పిల్లలకీ నమస్కారం. శాలువా బావుంది. నాకిచ్చిన నలభై నిమిషాల్లో పన్నెండు నిమిషాలు నన్ను పరిచయం చెయ్యడానికే అయిపోయాయి కాబట్టి పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పట్లేదు, ఎవరూ ఏమీ అనుకోవద్దు. పరిచయంలో 'వృక్షశాస్త్రానికి విశేష సేవ' అన్నారు. ముప్పై ఏళ్లు బాటనీ చెప్పాను, నెలనెలా జీతం తీసుకున్నాను. దానికి సేవ అనే మాట పెద్దది.

ఆహ్వాన పత్రికలో నా టాపిక్ 'విస్తృత, దీర్ఘకాలిక పర్యావరణ పరిశీలన: కొత్త విశేషాలు, శిక్షణ అవకాశాలు' అని వేశారు. చదివేసరికే ఊపిరి ఆడట్లేదు. విషయం మాత్రం తేలికే. ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లడం, వెళ్లినప్పుడల్లా ఒకే పద్ధతిలో చూడటం, చూసింది రాసిపెట్టడం. అలా ఇరవై ఏళ్లు, ముప్పై ఏళ్లు. మనం పోయాక మన తర్వాతివాళ్లు.

ముందు ఒక ప్రశ్న. ఈమధ్య ఉగాదికి వేపపువ్వు దొరకట్లేదనో, అప్పటికే రాలిపోతోందనో మీ ఇంట్లో ఎవరైనా అన్నారా? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. మా ఇంట్లోనూ ఏటా అంటారు. సరే, కాలం మారిపోయింది, వేప కూడా మారిపోయింది అనేద్దామా? ఆగండి. 2021లో ఉగాది ఏప్రిల్ 13న వచ్చింది. 2023లో మార్చి 22న. మూడు వారాల తేడా. మనది చాంద్రమానం, అధిక మాసం వచ్చినప్పుడల్లా పండగ ముందుకీ వెనక్కీ జరుగుతుంది. వేపచెట్టుకి పంచాంగం తెలియదు. కాబట్టి జరిగింది చెట్టా, పండగా? తేదీలు రాసిపెట్టినవాడు చెప్పగలడు. ఇంకెవరూ చెప్పలేరు, నాతో సహా.

మన రైతులు ఈ విషయంలో తెలివైనవాళ్లు. పండగలకి తిథి చూశారు గానీ, విత్తనానికి కార్తె చూశారు. కార్తె సూర్యుణ్ణి బట్టి వస్తుంది. మృగశిర కార్తె ఏటా జూన్ 7, 8 తేదీలు దాటి అటూ ఇటూ పోదు. కేరళవాళ్ల విషు పండగ కూడా అంతే, సౌరమానం, ఏప్రిల్ 14 లేదా 15. ఆ రోజు వాళ్లకి కొన్నపువ్వు కావాలి. కొన్న అంటే మన రేల. పండగ తేదీ కదలదు కాబట్టి పువ్వు ముందే వచ్చేస్తే అక్కడ చంటిపిల్లలకి కూడా తెలిసిపోతుంది. అక్కడి బడిపిల్లలు 'సీజన్‌వాచ్' అనే కార్యక్రమంలో వేల చెట్లను గమనిస్తున్నారు. 2010లో మొదలైంది. దాని సంగతి చివర్లో చెబుతాను, గుర్తు చెయ్యండి.

ఇప్పుడు పెద్ద విశేషం. అమెరికాలో నియాన్ అని ఒక వ్యవస్థ ఉంది. నేషనల్ ఎకలాజికల్ అబ్జర్వేటరీ నెట్‌వర్క్. అలాస్కా నుంచి ప్యూర్టోరికో దాకా 81 చోట్ల, 47 నేల మీద, 34 వాగుల్లో, చెరువుల్లో, నదుల్లో, ముప్పై ఏళ్లపాటు ఒకే పద్ధతిలో కొలవాలని పెట్టుకున్నారు. డబ్బు అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ది. టవర్లు గాలిని కొలుస్తాయి, విమానాలు లేజర్ కాంతితో అడవి ఎత్తును కొలుస్తాయి. నాకు నచ్చింది మాత్రం విమానం కాదు, గ్లాసు. నేలలో ఒక ప్లాస్టిక్ గ్లాసు అంచు దాకా పాతిపెడతారు. నడుస్తూ వచ్చిన పెంకు పురుగు అందులో పడుతుంది. మొక్కలు ఎదిగే కాలం నడిచినన్ని రోజులూ రెండు వారాలకోసారి వచ్చి గ్లాసు తీసి చూస్తారు. ఫ్లోరిడాలోనూ అదే గ్లాసు, అలాస్కాలోనూ అదే గ్లాసు. ఎవడి తెలివి వాడు చూపించడానికి వీల్లేదు. తెల్ల గుడ్డను గడ్డి మీద ఈడ్చి పిడుదులు పడతారు, మన పశువులకి పడతాయే, ఆ కుటుంబానివే. దానికీ కొలతే, ఎన్ని మీటర్లు ఈడ్చాలో రాసి ఉంటుంది.

ఇదంతా సాఫీగా ఏమీ జరగలేదు. 2015లో ఖర్చు అనుకున్నదానికంటే దాదాపు 8 కోట్ల డాలర్లు ఎక్కువవుతుందని తేలి పెద్ద గొడవైంది. కొన్ని కేంద్రాలు తీసేశారు, వాగుల మీద చెయ్యాలనుకున్న ఒక ప్రయోగం మొత్తం తీసేశారు. 2019కి గానీ పూర్తిగా నడవలేదు. కానీ ఆ సమాచారం అంతా ఉచితం. నూట ఎనభైకి పైగా రకాల కొలతలు. మీరు ఈ హాల్లో కూర్చుని, మీ ఫోన్‌లోంచి తీసుకోవచ్చు. ఎవర్నీ అడగక్కర్లేదు, ఎవరి సంతకం అక్కర్లేదు. సంతకం అక్కర్లేదంటే మా తరంవాళ్లకి ఎంత ఆశ్చర్యంగా ఉంటుందో మీకు తెలియదు.

సంతకం అంటే గుర్తొచ్చింది. ఇది చెప్పకూడదనుకునే వచ్చాను. ప్రిన్సిపాల్ గారూ, అయిదు నిమిషాలు.

నేను పనిచేసిన కాలేజీలో, పేరు చెప్పను, ఒక స్టాక్ రిజిస్టర్ ఉండేది. పొడుగు పుస్తకం, ఎర్ర గుడ్డ వీపు. ల్యాబ్‌కి కొత్తది ఇస్తే పాతది ఖాళీగా మిగిలిపోయింది. 1987లో అందులో ఆవరణలోని చెట్ల గురించి రాయడం మొదలుపెట్టాం. మేం అంటే నేనూ, మా ల్యాబ్ అటెండరూ. నిజం చెప్పాలంటే ఎక్కువ అతనే. ఏడో తరగతి దాకా చదివినవాడు. పొద్దున్నే ఏడున్నరకి సైకిల్ గేటు దగ్గర దిగి, నడిపించుకుంటూ ఒక్కో చెట్టూ చూసుకుంటూ వచ్చేవాడు. వస్తువు పేరు అని అచ్చువేసిన గడిలో 'మోదుగ' అని రాసేవాడు. నిల్వ అన్న గడిలో 'మొగ్గ'. రిమార్కుల్లో తేదీ. నేను రాయమన్నది అంతే. కానీ ఏటా మొదటి వేపపువ్వును బంకతో పేజీకి అంటించడం అతని సొంత ఆలోచన. పేజీ తిప్పితే ఆ మూల పసుపు మరక ఉండేది.

ఒకసారి జూలైలో ఒక పేజీ చూసి బుర్ర గోక్కున్నాను. 'వాన రాలేదు' అని ఉంది. వాన పడలేదనా? వాన పడటం వల్ల తను రాలేదనా? అడిగితే అతనికీ గుర్తు లేదు. ఇద్దరం నవ్వుకున్నాం గానీ, ఆ రోజు నేను నేర్చుకున్న పాఠం ఇప్పుడు మీకు పెద్ద పెద్ద శిక్షణల్లో మొదటి రోజు చెబుతారు. చూశాం, పువ్వు లేదు, అప్పుడు సున్నా. చూడలేదు, అప్పుడు ఖాళీ. ఖాళీ ఉన్నచోట సున్నా వేసినవాడు, సున్నా ఉన్నచోట ఖాళీ వదిలినవాడు ఇద్దరూ ఆ పుస్తకాన్ని పాడు చేసినట్టే. ఆ తర్వాత అతను 'వాన. నేను రాలేదు.' అని పూర్తిగా రాయడం మొదలుపెట్టాడు, చుక్కలతో సహా.

22 ఏళ్లు రాశాం. 2009లో నాకు బదిలీ అయింది, అతను రిటైరయ్యాడు. కొన్నాళ్లకి అక్కడ తనిఖీకి ఎవరో వస్తున్నారని స్టోర్ రూమ్ ఖాళీ చేసి పాత కాగితాలు కిలోల లెక్కన అమ్మేశారు. నాకు తెలిసి పాత పేపర్ల కొట్టుకి వెళ్లేసరికి లారీ వెళ్లిపోయి నాలుగు రోజులైంది. ఎప్పుడో ఒక అమ్మాయి ప్రాజెక్టు కోసం తీయించుకున్న జిరాక్సు మిగిలింది. మూడేళ్లది. అందులో ఒక ఏడాది చదవడానికి కుదరదు, ఇంకు అంటలేదు.

చాలా ఏళ్లు ఆ కాలేజీవాళ్లని తిట్టుకున్నాను. ఇప్పటికీ కొంచెం తిట్టుకుంటాను. కానీ ఒకటి ఆలోచించండి. అట్ట మీద ఏముంది? 'స్టాక్ రిజిస్టర్.' లోపల ఏముందో ఒక్క ముక్క పైన రాయలేదు నేను. ఇంకో కాపీ తీయలేదు. నా తర్వాత వచ్చిన మేడంగారికి ఇదీ సంగతి అని చెప్పలేదు. ఇరవై ఏళ్ల కిందటి స్టాక్ రిజిస్టర్‌ని ఎవరు దాచుకుంటారు? మీ సార్లు మెటాడేటా అని ఒక మాట చెబుతుంటారు కదా, సమాచారం గురించిన సమాచారం. అర్థం కావట్లేదంటే ఆ అట్టను తలుచుకోండి.

అటెండరు ఇప్పటికీ ఉగాదికి ఫోన్ చేస్తాడు. "సార్, ఆ పుస్తకం ఎవరు రాస్తున్నారు?" అంటాడు. రాస్తున్నారయ్యా అంటాను. ఎవరైనా ఇది రికార్డు చేస్తుంటే ఈ ముక్క తీసెయ్యండి.

ఇలాంటి తెగిపోవడాలు గొప్పవాళ్లకీ తప్పలేదు. హవాయిలో మౌనా లోవా కొండ మీద చార్లెస్ కీలింగ్ అనే శాస్త్రవేత్త 1958లో గాలిలో కార్బన్ డయాక్సైడ్ కొలవడం మొదలుపెట్టాడు. అప్పుడు పది లక్షల భాగాల్లో సుమారు 315. 2013లో రోజువారీ కొలత 400 దాటింది. మీ పాఠ్యపుస్తకంలో ఉన్న ఆ మెట్లమెట్ల గీత అదే. దగ్గర్నుంచి చూస్తే 1964 మొదట్లో గీత కొద్ది నెలలు తెగి ఉంటుంది. అగ్నిపర్వతం కాదు, భూకంపం కాదు. నిధులు కోసేశారు. ఈమధ్య నిజంగానే అగ్నిపర్వతం పేలింది, 2022 నవంబరులో. లావా రోడ్డును మింగేసింది, కరెంటు పోయింది. వాళ్లు కొద్ది రోజుల్లోనే పక్కనున్న మౌనా కియా మీద కొలవడం మొదలుపెట్టారు. లావా కంటే గుమస్తా కలమే ప్రమాదం అని నేనంటే ఆఫీసువాళ్లు నొచ్చుకుంటారు, అనను.

జర్మనీలో క్రేఫెల్ట్ అనే ఊళ్లో పురుగుల మీద ఇష్టం ఉన్నవాళ్ల సంఘం ఒకటుంది. ఎక్కువమందికి అది ఉద్యోగం కాదు. 1989 నుంచి రక్షిత ప్రాంతాల్లో ఒకే రకం వల గుడారాలు కట్టి, పడ్డ పురుగుల్ని సీసాల్లో దాచి తూకం వేశారు. 2017లో లెక్క బయటికొచ్చింది: 27 ఏళ్లలో ఎగిరే పురుగుల తూకం మూడొంతులకు పైగా పడిపోయింది. నాలుగిట మూడొంతులు! ప్రపంచమంతా ఉలిక్కిపడింది. ఆ సీసాల్ని ఎవరూ కిలోల లెక్కన అమ్మలేదు.

మన దేశంలో? ఉంది. తమిళనాడులో ముదుమలై అడవిలో 50 హెక్టార్లు గీసుకుని, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ నుంచి రామన్ సుకుమార్ అనే శాస్త్రవేత్త బృందం 1988లో మొదలుపెట్టింది. ఒక సెంటీమీటరు మందం దాటిన ప్రతి మొక్కకీ నంబరు. మొత్తం పాతికవేల పైచిలుకు. ఏటా వెళ్లి ఏది ఉంది, ఏది పోయింది, ఏది కొత్తగా వచ్చింది చూస్తారు. మొదట్లో దండిగా ఉన్న కిడియా కాలిసినా అనే చెట్టు ఏనుగుల దెబ్బకి చాలావరకు పోయింది. ఒక్కసారి వెళ్లి చూసినవాడికి అక్కడ అలాంటి చెట్టు ఎక్కువగా ఉండేదన్న సంగతే తెలియదు. కేంద్ర పర్యావరణ శాఖ కూడా ఇలాంటి దీర్ఘకాలిక పరిశీలన కేంద్రాలను దేశవ్యాప్తంగా పెడతామని 2015లో పారిస్ సదస్సు సమయంలో ప్రకటించింది. మన నల్లమల అడవి సంగతులూ అలా నమోదు కావాలని నాకు ఆశ. అంతకంటే మాట్లాడితే టైమ్ అయిపోతుంది.

శిక్షణ అవకాశాలు అన్నారు కాబట్టి గబగబా చెప్పేస్తాను, రాసుకోండి. నియాన్ వాళ్ల పాఠాలు ఆన్‌లైన్‌లో ఉచితం, ఆర్, పైథాన్ అనే కంప్యూటర్ భాషల్లో ఉంటాయి. ఇంటర్లో ఫిజిక్స్ లెక్కలు చేసినవాళ్లకి అదేం కష్టం కాదు, మొదటి వారం టెన్షన్ ఉంటుంది, తర్వాత పోతుంది. ఎకలాజికల్ ఫోర్‌కాస్టింగ్ ఇనిషియేటివ్ అనే బృందం ఆ సమాచారంతోనే ఒక పోటీ నడుపుతుంది. చెరువు నీళ్లు రాబోయే రోజుల్లో ఎంత వెచ్చగా ఉంటాయి, అడవి ఎప్పుడు పచ్చబడుతుంది, ముందే లెక్కగట్టి పంపాలి. తర్వాత నిజం వస్తుంది, మీ లెక్క పక్కన నిలబడుతుంది. తప్పితే తిట్టేవాళ్లు లేరు. విద్యార్థులూ పాల్గొంటారు. ఎమ్మెస్సీ చెయ్యాలనుకుంటే డెహ్రాడూన్‌లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరులో ఎన్‌సీబీఎస్, అంటే నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్, ఉన్నాయి. సీట్లు తక్కువ. ఫీల్డ్‌లో జలగలు ఎక్కువ. ఫిబ్రవరిలో నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ ఉంటుంది, పావుగంట కూర్చుని కనిపించిన పిట్టల్ని లెక్కపెట్టి పంపడమే.

సీజన్‌వాచ్ గుర్తు చెయ్యమన్నాను, ఎవరూ చెయ్యలేదు. ఒక చెట్టును ఎంచుకోవాలి, వారానికోసారి చూడాలి. లేత ఆకు, ముదురాకు, మొగ్గ, పువ్వు, కాయ. లేదు, కొంచెం, బాగా. ఇంతే. డిగ్రీ అక్కర్లేదు. ఏడో తరగతి చాలు, నా దగ్గర రుజువుంది.

చివరిగా, వరండాలో టేబుల్ మీద ఒక కొత్త పుస్తకం పెట్టాను. నా డబ్బుతో కొన్నాను, ప్రిన్సిపాల్ గారు కంగారు పడక్కర్లేదు. అట్ట మీద 'చెట్ల పుస్తకం. అమ్మవద్దు.' అని పెద్ద అక్షరాలతో రాయించాను. లోపల మొదటి పేజీలో ఏ చెట్టు ఎక్కడుందో బొమ్మ గీశాం. ప్రతి శనివారం ఫోటో తీసి మీ సార్‌కి, నాకు పంపాలి, అంటే మూడు కాపీలు. గేటు పక్క వేప, లైబ్రరీ వెనక మోదుగ, రేల, మూడూ పొద్దున్నే ఎవరో పేర్లు రాసేసుకున్నారు. కానుగ ఒక్కటే మిగిలింది, సైకిల్ స్టాండు పక్కది. దాని నీడలో రోజూ బండి పెట్టేదెవరో ఒకసారి చెయ్యెత్తండి.